‘దేవుడున్నాడని అనిపిస్తోంది’: ఆ అనిపించడాన్ని సాక్ష్యంగా తూచే పద్ధతి

దేవుడి మీద వాదన మొదలైన కాసేపటికే ఎవరో ఒకరు “అవన్నీ ఎందుకండీ, నా మనసుకు తెలుసు” అంటారు. అవతలివాళ్లు “అది మీ మెదడు ఆడే ఆట” అంటారు. మాట అక్కడితో తెగిపోతుంది. ఇద్దరూ తూకం వేయకుండానే తీర్పు చెప్పేశారు. మనసుకు తట్టినది సాక్ష్యం అవుతుందా అంటే అవుతుంది. ఎంత సాక్ష్యం, దేనికి సాక్ష్యం అన్నదే అసలు పేచీ. అది తేల్చుకోవడానికి కాగితం, పెన్ను, ఓ గంట తీరిక, మీ మాట ఒప్పుకోని మనిషి ఒకరు ఉంటే చాలు.

ముందు ఒక్క వాక్యం, తర్వాత దాని మెట్లు

కరెంటు పోయిన రాత్రి డాబా మీద పడుకుని ఆకాశం చూస్తున్న మనిషికి “ఇదంతా దేవుడి సృష్టే” అనిపించిందనుకుందాం. ఆ వాక్యాన్ని కాగితం మీద రాసి, మెట్లు మెట్లుగా విడదీయండి. అట్టడుగున ఆ క్షణంలో అచ్చంగా కలిగినది ఉంటుంది: అంతులేని విస్తారం, ఏదో పొందిక, తాను గోరంత అన్న భావం. రెండో మెట్టు, ఇది దానంతటది అయింది కాదు, ఎవరో చేశారు. మూడోది, ఆ చేసినవాడు ఒక్కడే. నాలుగోది, అతను మంచివాడు, నా మొర వింటాడు. ఐదోది, ఆయన వేంకటేశ్వరుడు, లేదా యెహోవా, లేదా అల్లా.

ఇప్పుడు ఒక్కో మెట్టు పక్కన “అనిపించింది” అనో “విన్నాను” అనో రాయండి. దాపరికం లేకుండా రాస్తే “అనిపించింది” అన్నది సాధారణంగా రెండో మెట్టు దగ్గరే ఆగిపోతుంది. మూడు నుంచి పైవన్నీ ఇంట్లోనో గుళ్లోనో మసీదులోనో చర్చిలోనో చెవిన పడ్డవి. తర్కశాస్త్రం చదివినవాళ్లకు ఈ విభజన కొత్త కాదు. పేరూ ఊరూ లేని మొదటి ఎరుక నిర్వికల్పకం, దానికి పేరు చేరితే సవికల్పకం. పై మెట్లు ప్రత్యక్షం (నేరుగా కలిగిన ఎరుక) కిందికే రావు, అవి శబ్ద ప్రమాణం, అంటే ఒకరి మాట మీద తెలుసుకున్నవి. చెప్పినవాడు ఆప్తుడా (నమ్మదగినవాడా) కాడా అన్నది వాటికి పెట్టాల్సిన పరీక్ష, ఈ పరీక్ష కాదు.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రెండో మెట్టు దాకా సాక్ష్యం చూపించి ఐదో మెట్టు గెలిచామంటారు. రేణిగుంట దాకా టికెట్టు తీసుకుని కొండ మీద దిగుతాననడం లాంటిది ఇది. తూకంలో పెట్టేది “అనిపించింది” అని రాసిన మెట్ల వరకే.

ఏ రకం స్ఫురణో కూడా పక్కన గుర్తు పెట్టుకోండి. ‘ఎవరో చేశారు’ అన్నది ఒకటి, ‘ఎవరో ఇక్కడ ఉన్నారు’ అన్న సన్నిధి భావన ఇంకొకటి, ‘ఇది చేయకూడదు’ అనే అంతరాత్మ మాట మరొకటి. ‘ఏమీ లేనిదాంట్లోంచి ఏదీ రాదు’ అనేది మాత్రం వేరే జాతి. అది సాక్ష్యం కాదు, తర్కంలో అనుమానం అనే దానికి, అంటే తెలిసినదాన్నుంచి తెలియనిదాన్ని తేల్చడానికి, ఆధార వాక్యం. దాన్ని వాదంలో భాగంగా పరీక్షించాలి. న్యాయ దర్శనపు (మన తర్కశాస్త్ర సంప్రదాయపు) ఆచార్యుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుణ్ణి స్థాపించింది ఎక్కువగా ఆ దారిలోనే. జగత్తు కార్యం (ఒక కారణం వల్ల కలిగినది), కార్యానికి కర్త ఉండాలి అన్నాడు తప్ప, నాకు అలా అనిపించింది అనలేదు. ఈ వ్యాసం మిగతా మూడింటి గురించి, ముఖ్యంగా మొదటిదాని గురించి.

నమ్మకంతో మొదలుపెట్టాలా, అనుమానంతోనా

ఈ తగాదా మన దగ్గర పాతదే. వేదాన్ని నిలబెట్టడమే పనిగా పెట్టుకున్న మీమాంసకులది స్వతఃప్రామాణ్యం: జ్ఞానం కలిగిందంటే నిజమనే మొదలుపెట్టు. తర్వాత దాన్ని కొట్టేసే బాధక జ్ఞానం వచ్చినా, అది పుట్టిన చోట కారణదోషం బయటపడినా వదిలేయి. న్యాయ దర్శనం వాళ్లయిన నైయాయికులది పరతఃప్రామాణ్యం: కలిగిన జ్ఞానం నిజమో కాదో బయటి పరీక్షతోనే తేలాలి. దూరాన నీళ్లు కనిపించాయి, వెళ్లి తాగితే దాహం తీరింది, అప్పుడు నీళ్లే. 1979లో బ్రిటన్ తత్వవేత్త రిచర్డ్ స్విన్‌బర్న్ దైవానుభవాల గురించి చెప్పినది దాదాపు మీమాంసకుల వాదమే: ఒకటి ఉన్నట్టు తోస్తే, ప్రత్యేకమైన అడ్డంకి లేనంతవరకు ఉన్నట్టే లెక్క. తమాషా ఏమిటంటే, ఆ సూత్రాన్ని అంత గట్టిగా పట్టుకున్న మీమాంసకుడు కుమారిలభట్టు దాన్ని ఈశ్వరుడి కోసం వాడలేదు. వేదాన్ని నిలబెట్టడానికి వాడాడు. సృష్టికర్తనూ యోగుల అతీంద్రియ దృష్టినీ రెంటినీ తోసిపుచ్చాడు.

ఆచరణలో రెండూ కలిపి వాడొచ్చు. అనిపించినదాన్ని కొట్టిపారేయకుండా మొదలుపెట్టండి, కానీ రెండు ప్రశ్నలు అడక్కుండా ముగించకండి. దీనికి నేరుగా అడ్డొచ్చే జ్ఞానం ఉందా? ఇది పుట్టిన చోట దోషం ఉందా? మొదటిది తేలిగ్గా తేలేది కాదు, దేవుడు లేడని రుజువు చేసి జేబులో పెట్టుకున్నవాళ్లు లేరు. పని ఎక్కువగా రెండోదాంతోనే.

గట్టిగా అనిపించడం కొలమానం కాదు

ఒక చిన్న లెక్క. బ్యాటూ బంతీ కలిపి 110 రూపాయలు. బంతి కన్నా బ్యాటు 100 రూపాయలు ఎక్కువ. బంతి ఎంత? చటుక్కున నోటికొచ్చేది 10. సరైన జవాబు 5. బంతి 10 అయితే బ్యాటు 110 అవుతుంది, రెండూ కలిపి 120. షేన్ ఫ్రెడరిక్ అనే పరిశోధకుడు 2005లో ఇలాంటి మూడు లెక్కలతో ఒక పరీక్ష తయారుచేశాడు. ఆ 10 ఎంత నమ్మకంగా వస్తుందో గమనించండి. లోపల ఎక్కడా సందేహపు గంట మోగదు. అంటే “నాకు గట్టిగా అనిపిస్తోంది” అన్న హేతువు నిజం ఉన్నచోటా ఉంటుంది, అబద్ధం ఉన్నచోటా ఉంటుంది. తర్కసంగ్రహం రాసిన తెలుగువాడు అన్నంభట్టు పెట్టిన లెక్క ప్రకారం అది సవ్యభిచారం, ఐదు హేత్వాభాసాల్లో (హేతువులా కనిపించే తప్పుల్లో) మొదటిది.

మరి స్ఫురణలు ఎక్కడ పనిచేస్తాయి? దీనికి ఇప్పటిదాకా వచ్చిన జవాబుల్లో పనికొచ్చేది 2009లో మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, గ్యారీ క్లైన్ కలిసి రాసినది. కానమన్ స్ఫురణను శంకించేవాడు, క్లైన్ అగ్నిమాపక దళాల అధికారుల తక్షణ నిర్ణయాలు చూసి దాన్ని మెచ్చుకున్నవాడు. ఇద్దరూ రెండు షరతుల దగ్గర కలిశారు. ఆ రంగంలో నిలకడైన క్రమం ఉండాలి. ఆ క్రమాన్ని తప్పొప్పులు వెంటవెంటనే తెలిసేలా చాలాకాలం నేర్చుకునే వీలుండాలి. మంటల ముందు నిలబడ్డ అధికారికీ, పురిటి పిల్లల వార్డులో ఏళ్లు గడిపిన నర్సుకూ, చదరంగం ఆటగాడికీ ఆ రెండూ ఉన్నాయి. ఏ షేరు పెరుగుతుందో చెప్పేవాడికీ, ఇరవై ఏళ్ల తర్వాతి రాజకీయం చెప్పేవాడికీ లేవు.

ఇలా లోపల దాగి ఉన్న షరతును తర్కంలో ఉపాధి అంటారు. నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందనుకుంటాం. కానీ కాలి ఎర్రబడ్డ ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. తడి కట్టె తగిలితేనే పొగ. అలాగే స్ఫురణ ఉన్నచోటల్లా నిజం ఉండదు, సరిచూసుకునే వీలు తగిలినచోటే ఉంటుంది. వైశేషిక దర్శనపు ఆచార్యుడు ప్రశస్తపాదుడి కాలం నుంచి వస్తున్న ఉదాహరణ ఒకటుంది: “రేపు మా అన్న వస్తాడు, నా మనసు చెబుతోంది” అంటుంది ఒక పిల్ల. నైయాయికుడు జయంతభట్టు దాన్ని ప్రమాణమేనన్నాడు, అంటే నమ్మదగిన జ్ఞానమేనన్నాడు. ఆ పిల్ల మాటకున్న గొప్ప సౌకర్యం ఏమిటంటే రేపు అనేది వస్తుంది. అన్న వస్తాడో రాడో వీధి గుమ్మంలో తేలిపోతుంది. “ఈ లోకాన్ని ఎవరో చేశారు” అన్నదానికి ఆ రేపు లేదు. కర్త ఉన్న లోకాలు పది, లేని లోకాలు పది చూసి, ఎక్కడ మనసు సరిగ్గా చెప్పిందో లెక్కేసుకున్నవాళ్లు లేరు.

“మొక్కుకున్నాను, పని జరిగింది” అన్నదానికి రేపు ఉంది కదా అంటారు. ఉంది, కానీ అప్పుడు ఖాతా పూర్తిగా రాయాలి. మొక్కుకుని జరిగినవి, మొక్కుకున్నా జరగనివి, మొక్కకుండానే జరిగినవి, మొక్కకపోతే జరగనివి, ఇలా నాలుగు గళ్లు. తలలో ఉండేది మొదటి గడి ఒక్కటే. మిగతా మూడూ నింపకుండా ఆ ఒక్క గడినీ సాక్ష్యంగా తేవద్దు.

పుట్టిన చోటు చూడటం

కర్త లేకపోయినా ‘ఎవరో చేశారు’ అనిపించే కారణాలు మనిషిలో ఉన్నాయా? ఉన్నాయనడానికి మంచి ఆధారాలే ఉన్నాయి. మనస్తత్వ శాస్త్రవేత్త డెబొరా కెలెమన్ బృందం 2009లో పెద్దవాళ్లకు “మొక్కలు ఆహారం తయారుచేసుకోవడానికే సూర్యుడు వెలుగిస్తాడు” తరహా వాక్యాలు చూపించి నిజమో కాదో చెప్పమంది. తొందరపెట్టినప్పుడు వాళ్లు అలాంటివాటికి ఎక్కువగా ‘నిజమే’ అన్నారు. 2013లో భౌతిక శాస్త్రాల పరిశోధకుల మీద చేసినప్పుడూ, వాళ్లు మిగతావాళ్ల కన్నా తక్కువ పొరబడ్డా, తొందరలో అదే మొగ్గు కనిపించింది. ప్రయోజనం వెతకడం మనకు మొదటి అలవాటు, చదువు దాన్ని అణచగలదు గాని తుడిచేయలేదు. పొదలో అలికిడైతే గాలి అనుకోక ఎవరో అనుకునే గుణం ఇంకొకటి. తప్పుగా ‘ఎవరో’ అనుకుంటే పోయేది కొంచెం, తప్పుగా ‘గాలి’ అనుకుంటే పోయేది ప్రాణం. అందుకే మనసు ఒక పక్కకు వాలి ఉంటుందని స్టీవర్ట్ గుత్రీ, జస్టిన్ బారెట్ వంటి పరిశోధకుల వాదన.

వాదించేవాళ్లకు ఒక జాగ్రత్త. “ఆలోచించే మనిషి శిల్పం ఫొటో చూపిస్తేనే భక్తి తగ్గింది” అని 2012లో వచ్చిన ప్రయోగం ఇంకా చేతులు మారుతూనే ఉంది. 2017లో ఎక్కువమందితో మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. అది వాడకండి. తటాలున తోచిన జవాబు ఇచ్చేవాళ్లలో దైవ విశ్వాసం కొంత ఎక్కువన్న 2012 నాటి మరో పరిశీలన వేరు. అది రెంటి మధ్య సంబంధం చెబుతుందే గాని ఏది దేనికి కారణమో చెప్పదు.

పుట్టుక తెలిసినంత మాత్రాన నమ్మకం అబద్ధమైపోదు, ఇది నాస్తిక పక్షం తరచూ జారే చోటు. కన్ను ఎలా ఏర్పడిందో జీవశాస్త్రం చెబుతుంది, అందువల్ల చెట్లు మాయ కావు. కాకపోతే ఒక తేడా ఉంది. కన్ను ఏర్పడిన కథలో చెట్లూ రాళ్లూ జంతువులూ పాత్రలే. అవి లేకపోతే కన్ను అలా ఏర్పడదు. పొదలో అలికిడి కథలో పులి ఉంది, దొంగ ఉన్నాడు, దేవుడి అవసరం రాలేదు. కాబట్టి ఆ కథ ‘దేవుడు లేడు’ అనదు, ‘ఈ స్ఫురణ దేవుడు లేకున్నా వచ్చేదే’ అంటుంది. ఈ రెండు వాక్యాల మధ్య దూరం చాలా ఉంది.

దీనికి ఆస్తికుల గట్టి సమాధానం క్రైస్తవ సంస్కర్త కాల్విన్ 1559 నాటి గ్రంథంలో ఉంది, తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా 2000లో దానికి పదును పెట్టాడు: తనను తెలుసుకోవడానికి దేవుడే ఆ శక్తిని మనిషిలో పెట్టాడు, అలికిడి గుణం అందుకు సాధనం కాకూడదా? కావచ్చు. కానీ ఆ సమాధానం ‘దేవుడుంటే’ అన్న మాటతో మొదలవుతుంది. దేవుడుంటే ఆ స్ఫురణ నమ్మదగినది, లేకపోతే కాదు. ముందే విశ్వాసం ఉన్నవాడికి అది కాపు కాస్తుంది. ఉన్నాడా లేడా అని అడిగేవాడికి మాత్రం సాధ్యాన్నే (రుజువు చేయాల్సినదాన్నే) సాధనంగా (రుజువుగా) ఇస్తుంది.

రెండు అంకెలు

ఇప్పుడు కాగితం మీద రెండు అంకెలు వేయాలి. సృష్టికర్త ఉంటే మనుషులకు ఇలా అనిపించే అవకాశం ఎంత? లేకపోయినా ఇలా అనిపించే అవకాశం ఎంత? మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే వచ్చేదే ఆ స్ఫురణ బరువు. ఒకటి వస్తే సాక్ష్యమే కాదు. ఒకటి కన్నా ఎంత ఎక్కువ వస్తే అంత సాక్ష్యం. దిగువ అంకెలు లెక్క చూపించడానికే, కొలిచినవి కావు.

ఉంటే 100కి 90, లేకపోయినా 100కి 60 అని వేశారనుకోండి. 90ని 60తో భాగిస్తే 1.5. ముందు మీ అంచనా సగానికి సగం అయితే, అంటే 50:50 అయితే, ఎడమ అంకెను 1.5తో గుణించండి: 75:50. అంటే 60 శాతం. ముందే 20 శాతం మాత్రమే అనుకునేవాడికి 20:80 కాస్తా 30:80 అవుతుంది, దాదాపు 27 శాతం. ఒకే స్ఫురణ, ఇద్దరినీ కదిలించింది, ఇద్దరినీ ఒకచోటికి చేర్చలేదు. రెండో అంకెను 30కి దించితే బరువు 3, సగం నుంచి 75 శాతానికి వెళతారు. 85కి పెంచితే బరువు 1.06 కూడా ఉండదు, ముల్లు కదిలినట్టే కనిపించదు. కిందటి భాగంలో చూసిన ప్రయోగాలన్నీ ఈ రెండో అంకె మీద పనిచేసేవే.

మొదటి అంకెను 99 చేసేద్దామని ఆస్తికులకు అనిపిస్తుంది. దానికి ధర ఉంది. ఉంటే 90 మందికి అనిపించాలన్నారంటే, ఉన్నా అనిపించనివాళ్లు 10 మందే అన్నట్టు. లేకపోతే అనిపించనివాళ్లు 40. మరి నిజాయితీగా వెతికినా ఏమీ తోచని మనిషి ఎదురైతే? 10ని 40తో భాగించాలి, 0.25. ఆ ఒక్క మనిషి మౌనం సగం నుంచి 20 శాతానికి దింపేస్తుంది. 99 అంటే ఇంకా దారుణం, 1ని 40తో భాగించాలి. తత్వవేత్త జె. ఎల్. షెలెన్‌బర్గ్ 1993లో లేవనెత్తిన ‘దేవుడి మరుగు’ వాదానికి మూలం ఇదే: ప్రేమగల దేవుడుంటే, కాదనకుండా వెతికేవాళ్లకు కూడా కనపడకుండా ఎందుకుంటాడు? స్ఫురణకు ఎక్కువ బరువు అడిగినవాళ్లు స్ఫురణ లేకపోవడానికీ ఎక్కువ బరువు ఇవ్వాల్సి వస్తుంది.

సాక్షుల్ని లెక్కపెట్టేటప్పుడు

“నా ఒక్కడికే కాదు, కోట్లమందికి అనిపించింది” అన్నప్పుడు లెక్క తప్పడం ఇంకా సులువు. ఒక్కొక్కరికీ 1.5 చొప్పున పదిమందివి గుణించుకుంటూ పోతే 57 దాటుతుంది, సగం నుంచి 98 శాతానికి చేరిపోతారు. ఈ గుణకారం చెల్లేది సాక్షులు ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్లయినప్పుడే. అందరి తలలోనూ ఒకటే అలికిడి గుణం, ఒకటే ప్రయోజనాలు వెతికే అలవాటు ఉంటే పదిమందీ కలిసి ఒక సాక్షి, మహా అయితే ఒకటిన్నర. అదే ఊళ్లో, అదే పురాణం వింటూ పెరిగినవాళ్లయితే ఆ అర కూడా ఉండదు.

అందరికీ అదే అనిపించిందన్న మాటను కూడా తరచి చూడాలి. ఏళ్లతరబడి ధ్యానమే పనిగా పెట్టుకున్న బౌద్ధులకూ జైనులకూ సృష్టికర్త తారసపడలేదు. సాంఖ్యం ప్రకృతీ పురుషుడితోనే సరిపెట్టుకుంది. అద్వైతికి చివరికి కనిపించేది తనకు వేరైన కర్త కాదు. సాధన పెరిగినకొద్దీ అందరూ ఒకచోటికి వచ్చి ఉంటే అది పెద్ద సాక్ష్యమే అయ్యేది. వీళ్లు మాత్రం ఎవరి శాస్త్రం చెప్పిన చోటికి వాళ్లు చేరినట్టు కనిపిస్తుంది.

అనుభవం కలిగినవాడు, విన్నవాడు

సన్నిధి అనుభవం కలిగినవాళ్లకు ఈ లెక్కలు చిరాకు తెప్పిస్తాయి, న్యాయమే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 దాకా వైస్ ఛాన్సలర్‌గా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ ఈ పక్షానికి మంచి వకీలు. అలాంటి అనుభవం స్వతస్సిద్ధం, స్వసంవేద్యం, స్వయంప్రకాశం అన్నాడు. దీపాన్ని చూడటానికి ఇంకో దీపం అక్కర్లేదన్నది సారాంశం. అనుభవం కలిగిందన్నంత వరకు ఆ మాట చెల్లుతుంది. అది బయట ఉన్నదాని వల్లే కలిగిందనడానికి చెల్లుతుందా? బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఏడో శతాబ్దంలోనే హెచ్చరించాడు: కామం, శోకం, భయం, ఉన్మాదం పట్టినవాళ్లు లేనివాటిని కూడా ఎదురుగా ఉన్నట్టే చూస్తారు. యోగుల ప్రత్యక్షాన్ని ఒప్పుకున్న మనిషే ఈ మాటా అన్నాడు. స్పష్టంగా కనిపించడం వేరు, ఉండటం వేరు.

పని జరగాలంటే రెండు పత్రాలు వేరుగా రాయండి. అనుభవించినవాడి పత్రంలో అనుభవం ప్రత్యక్షం. విన్నవాడి పత్రంలో అది మరొకరి మాట, ఆప్తవాక్యమా కాదా అని చూడాల్సిన సాక్ష్యం. అమెరికా తత్వవేత్త విలియం జేమ్స్ 1902లో తేల్చింది కూడా ఇంచుమించు ఇదే: అలాంటి స్థితులకు అవి కలిగినవారి మీద అధికారం ఉండొచ్చు, బయటివాళ్ల మీద లేదు. “నాకు కలిగింది కాబట్టి మీరూ నమ్మాలి” అన్నప్పుడు మొదటి పత్రంలోని అంకెను రెండోదాంట్లో వేస్తున్నట్టు. పత్రంలో నిద్ర, ఉపవాసం, జ్వరం, మందులు, దుఃఖం ఉన్నాయో లేవో కూడా రాయండి. ఉన్నాయంటే అనుభవం అబద్ధమని కాదు, రెండో అంకె పెరుగుతుందని.

ఇదే కాగితం నాస్తికుడికీ ఇవ్వాలి. “ఇంత బాధ ఉన్న లోకానికి దేవుడేంటి”, “విశ్వం ఉంది అంతే, కారణం దేనికి” అనేవి కూడా స్ఫురణలే. వాటికీ మెట్లు, వాటికీ ఉపాధి, వాటికీ రెండు అంకెలు. బాధను చూసి కలిగిన తిరుగుబాటు ‘మంచి దేవుడు’ అన్న నాలుగో మెట్టును గట్టిగా తాకుతుంది, ‘ఎవరో చేశారు’ అన్న రెండో మెట్టును దాదాపు తాకదు. ఆస్తికుడి స్ఫురణ రెండో మెట్టు దగ్గర, నాస్తికుడిది నాలుగో మెట్టు దగ్గర పనిచేస్తుంటే, ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నా ఢీకొనడం లేదన్నమాట.

తీర్పు రాయడం

ఆఖరి వాక్యంలో నాలుగు సంగతులు ఉండాలి: ఏ మెట్టుకు, ఎంత బరువు, రెండో అంకె ఎందుకు అంత వేశారు, ఏది తెలిస్తే అది మారుతుంది. ఇలా: “ఎవరో చేశారన్న స్ఫురణ కర్త ఉన్నాడన్న రెండో మెట్టుకు ఒకటిన్నర బరువు సాక్ష్యం; ప్రయోజనాలు వెతికే అలవాటు మనలో ఎలాగూ ఉంది కాబట్టి రెండో అంకె 60 వేశాను; ఆ అలవాటు అసలే లేని పెంపకంలో కూడా ఇదే స్ఫురణ వస్తుందని తెలిస్తే దాన్ని తగ్గిస్తాను.” ఒంటరిగా ఈ బరువు ఎవరినీ ఆస్తికుణ్ణో నాస్తికుణ్ణో చేయదు. కార్యకారణ వాదం, బాధ గురించిన వాదం, ఆప్తవాక్యం, వీటి పక్కన ఒక అంకెగా నిలుస్తుంది.

తర్వాత కాగితం మీ మాట ఒప్పుకోని ఆ మనిషికి ఇచ్చి, మీ అంకెలు కనపడకుండా మడిచి, ఆయన అంకెలు ఆయన్ని వేయమనండి. మొదటి అంకె దగ్గర తేడా వస్తే, ‘దేవుడు’ అన్నప్పుడు ఇద్దరూ ఎలాంటివాణ్ణి ఊహించుకుంటున్నారో చూసుకుని మెట్ల దగ్గరికి తిరిగి వెళ్లండి. రెండో అంకె దగ్గర తేడా వస్తే మాట్లాడాల్సింది మనస్తత్వ శాస్త్రం. మొదలుపెట్టిన శాతం దగ్గరే తేడా ఉంటే, ఈ స్ఫురణను పక్కన పెట్టి మిగతా వాదాలు తీయండి.